బోల్టు నుంచి బిల్లు దాకా

బొగ్గు గనికి కొనే ప్రతి వస్తువు వెనుకా ఒక టెండరు ఉంటుంది, కొన్ని సంతకాలు ఉంటాయి. వాటి మధ్య దూరే మోసాన్ని ఆపే బాధ్యతను చట్టం ఇప్పుడు వ్యక్తుల మీదే కాదు, కంపెనీల మీద కూడా పెట్టింది. సింగరేణి బొగ్గు గనులున్న శ్రీరాంపూర్ నుంచి చూస్తే ఆ బాధ్యత ఎవరిది, ఎంత?

దసరా దగ్గర పడుతోందంటే శ్రీరాంపూర్ కాలనీల్లో, సీసీసీ నస్పూర్ టీకొట్ల దగ్గర నడిచే ముచ్చట ఒక్కటే. ఈసారి సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా ఎంత? 2024లో 33 శాతం లెక్కన 796 కోట్ల రూపాయలు పంచారు. 2025లో అది 34 శాతం అయింది, మొత్తం 819 కోట్లకు చేరింది. కాంట్రాక్టు కార్మికులకు 2024లో మొదటిసారిగా తలా 5 వేలు, మరుసటి ఏడు 5,500 ఇచ్చారు. అసలు లాభంలోంచి ఎంత పక్కన పెట్టి, మిగిలినదాని మీద ఈ శాతం కట్టారని యూనియన్లు నిలదీస్తాయి. నిలదీయాల్సిందే.

అయితే లాభం అమ్మకంలోనే పుట్టదు. ఎంత బొగ్గు తీశారు, ఎంత అమ్మారు అన్నది ఏరియాల వారీగా రోజూ పత్రికల్లో వస్తుంది. ఆ బొగ్గు తీయడానికి ఏం కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు అన్నది మాత్రం వివాదం రేగితే తప్ప వార్త కాదు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కాంట్రాక్టులు, పేలుడు పదార్థాలు, డీజిలు, డంపర్ టైర్లు, కన్వేయర్ బెల్టులు, కేబుళ్లు, కప్పుకు కొట్టే బోల్టులు, కార్మికుడి కాలికి వేసే బూట్లు - జీతాలు పోను ఖర్చులో పెద్ద భాగం ఇక్కడే. వంద రూపాయల వస్తువుకు నూట ఇరవై కడితే పైన పోయిన ఇరవై కార్మికుడి వాటాలోంచి పోతుంది, ప్రభుత్వానికి రావలసిన డివిడెండులోంచి పోతుంది, చివరికి కరెంటు బిల్లులో కలుస్తుంది. డబ్బు నష్టం ఒక ఎత్తు. నూట ఇరవై కట్టి అరవై రూపాయల సరుకు తెచ్చుకుంటే నష్టం ఇంకో ఎత్తు. అది బాయి లోపలికి దిగుతుంది.

కప్పు కింద

శ్రీరాంపూర్ ఏరియాలో భూగర్భ గనులు ఎక్కువ. 2021 నవంబరు 10న ఇక్కడి ఎస్‌ఆర్‌పీ-3 గనిలో కప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. ఆ ప్రమాదాన్ని కొనుగోళ్లకు ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు, అలా అనడానికి ఆధారమూ లేదు. కానీ ఆ కప్పు కింద పనిచేసే మనిషి ప్రాణం ఏయే వస్తువుల మీద ఆధారపడి ఉంటుందో ఆలోచిస్తే కొనుగోలు అనేది ఆఫీసు వ్యవహారం మాత్రమే కాదని అర్థమవుతుంది. అందుకే ఒక రూఫ్ బోల్టు వెంట నడిచి చూద్దాం.

గని మేనేజరుకు వచ్చే మూడు నెలలకు ఇన్ని బోల్టులు కావాలనిపిస్తుంది. ఇండెంటు రాస్తారు. ఎంత పొడవు, ఎంత మందం, ఏ ఉక్కు, ఎంత బరువు మోయాలి అన్న స్పెసిఫికేషన్ తయారవుతుంది. అంచనా ధర కడతారు. టెండరు పిలుస్తారు. బిడ్డరుకు అర్హత ఉందా అని ముందు టెక్నికల్ కవరు తెరుస్తారు, తర్వాత ధర తెరుస్తారు. అందరికంటే తక్కువ వేసినవాడు ఎల్-1. పర్చేజ్ ఆర్డరు వెళుతుంది. సరుకు బయల్దేరే ముందో, వచ్చాకో ఇన్‌స్పెక్షన్. ఏరియా స్టోర్స్‌లో దించుకుని లెక్క రాసుకుంటారు. అక్కడి నుంచి గని స్టోరుకు, గని నుంచి సపోర్టుమన్ చేతికి. బిగించాక పట్టు ఉందో లేదో యంత్రంతో లాగి చూస్తారు. ఆఖరున ఎక్కడో ఫైనాన్స్ విభాగంలో బిల్లు పాసవుతుంది.

ఈ దారిలో మోసానికి వీలున్న చోట్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో బయటికి కనిపించేది ధర ఒక్కటే. అవసరం లేకున్నా ఇండెంటు పుట్టొచ్చు. ఒకే కంపెనీ సరుకుకు సరిపోయేలా కొలతలు రాయొచ్చు. ఆ కంపెనీకి తప్ప ఎవరికీ లేని అనుభవాన్ని అర్హతగా పెట్టొచ్చు. వేరే ఎవరూ తయారు చేయడం లేదని సర్టిఫికెట్ రాయించి టెండరే లేకుండా కొనొచ్చు. పెద్ద మొత్తాన్ని చిన్న చిన్న ఆర్డర్లుగా విడగొట్టి పై అధికారి కంట పడకుండా చేయొచ్చు. టెండరంతా సవ్యంగా జరిగి, రాత్రిపూట దిగిన లారీలో వెయ్యికి బదులు ఎనిమిది వందలే ఉండొచ్చు. ఇక్కడ పట్టుబడాల్సిన మోసం ధరల పట్టికలో ఎంత వెతికినా దొరకదు. స్టోరు గేటు దగ్గర తూకం వేసే మనిషి, కప్పు కింద బోల్టు లాగి చూసే మనిషి మాత్రమే పట్టుకోగలరు.

కంప్లయన్స్ అని కార్పొరేట్ భాషలో అనేది దీన్నే. ఇండెంటు రాసిన చేయి, టెండరు తెరిచే చేయి, సరుకు దించుకునే చేయి, బిల్లు పాస్ చేసే చేయి వేరువేరుగా ఉండాలి. ప్రతి చేయీ తన దగ్గర ఆపగలగాలి, ఆపితే కారణం రాయగలగాలి, రాసినందుకు బదిలీ కాకూడదు. మిగతా ఫారాలూ ప్రమాణాలూ అన్నీ దీని తర్వాతే.

ప్రభుత్వ కంపెనీ అయినందుకు

సింగరేణి కాలరీస్ 1920 డిసెంబరు 23న కంపెనీగా నమోదైంది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. కంపెనీల చట్టం 2013 ప్రకారం 51 శాతానికి తగ్గకుండా వాటా ప్రభుత్వాల చేతిలో ఉన్నది ప్రభుత్వ కంపెనీ. దాని ఆడిటరును కంపెనీ ఎంచుకోలేదు, కాగ్ నియమిస్తుంది. సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. అవినీతి నిరోధక చట్టం దృష్టిలో దాని జీఎం ఎంత ప్రభుత్వ సేవకుడో స్టోర్స్ క్లర్కు అంతే ప్రభుత్వ సేవకుడు. లంచం తీసుకుంటే ఏడో సెక్షన్ కింద మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష.

టెండరు విషయంలోనూ ప్రైవేటు యజమానికి ఉండే స్వేచ్ఛ ప్రభుత్వ కంపెనీకి లేదు. 1979లోనే రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. టెండరులో ఒక అర్హత రాసుకున్న ప్రభుత్వ సంస్థ, ఆ అర్హత లేనివాడికి పని ఇవ్వకూడదు. ఇస్తే అర్హత లేదనుకుని బిడ్ వేయకుండా ఆగిపోయిన వాళ్లందరికీ అన్యాయం చేసినట్టే, అది 14వ అధికరణానికి విరుద్ధం. 1994లో టాటా సెల్యులార్ కేసులో అదే కోర్టు మరో వైపు కూడా చెప్పింది: ఏ బిడ్ మంచిదో తేల్చడం కోర్టు పని కాదు, ఆ నిర్ణయానికి వచ్చిన దారి సక్రమంగా ఉందో లేదో చూడడమే తమ పని అని. అంటే రేపు కోర్టులో నిలబడేది దారి. ఆ దారిని కాగితం మీద చూపించలేని అధికారి, నిర్ణయం మంచిదే అయినా ఓడిపోతారు.

అందరూ ఒకటే రేటు

కొనేవాళ్లు ఎంత నిజాయతీగా ఉన్నా అమ్మేవాళ్లంతా రింగయితే? కాంట్రాక్టర్ల లోకంలో ఇది కొత్త కాదు. ఈసారి నీది, వచ్చేసారి నాది. గుడ్‌విల్ ఇచ్చి పోటీ తప్పించడం, పేరుకు ఎక్కువ ధర వేసి పక్కవాడిని ఎల్-1 చేయడం, గెలిచాక ఓడినవాడికే సబ్ కాంట్రాక్టు ఇవ్వడం. చాలామంది దీన్ని వ్యాపార సర్దుబాటు అనుకుంటారు. 2002 నాటి పోటీ చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఇది నేరుగా నిషిద్ధం. కుమ్మక్కు రుజువైతే పోటీకి హాని జరిగిందని చట్టమే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది కాంట్రాక్టరు.

బొగ్గు గనులే దీనికి మంచి ఉదాహరణలు ఇచ్చాయి. కోల్ ఇండియా పేలుడు పదార్థాల కొనుగోలుకు రివర్స్ ఆక్షన్ పెట్టాలనుకుంది. అంటే ధరను ఆన్‌లైన్‌లో ఒకరికంటే ఒకరు తగ్గించుకుంటూ పోవాలి. తయారీదారులు మూకుమ్మడిగా అందులో పాల్గొనలేదు. కోల్ ఇండియా ఫిర్యాదు చేసింది. 2012 ఏప్రిల్‌లో ఆ పోటీ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ పది కంపెనీలకు కలిపి 58 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. కేసులో మొదటి పేరు మన హైదరాబాదు కంపెనీదే, గల్ఫ్ ఆయిల్ కార్పొరేషన్. అప్పీలులో ట్రిబ్యునల్ జరిమానాను పదో వంతుకు తగ్గించింది కానీ, కుమ్మక్కు జరిగిందన్న తీర్పును మాత్రం మార్చలేదు.

రెండో కేసు మనకు ఇంకా దగ్గరిది. మంచిర్యాల స్టేషన్‌లో కాజీపేట వైపు కాకుండా అటువైపు రైలెక్కితే బల్లార్షా, చంద్రపూర్ వస్తాయి. అక్కడి గనులు నాగపూర్ కేంద్రంగా ఉన్న వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌వి. తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడ ఉన్నాయి. ఆ కంపెనీ బొగ్గు, ఇసుక రవాణాకు పిలిచిన నాలుగు టెండర్లలో రవాణాదారులు పైసా తేడా లేకుండా ఒకే రేట్లు వేశారు. కంపెనీయే కమిషన్‌కు వెళ్లింది. 2017 సెప్టెంబరులో పది సంస్థలకు కలిపి 11.81 కోట్ల జరిమానా పడింది. ఆ సంస్థలను నడిపించిన వ్యక్తులకూ విడిగా జరిమానాలు పడ్డాయి. ఈ రెండు కేసుల్లోనూ మోసాన్ని బయటపెట్టింది కొనే సంస్థలే అన్నది నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. రేట్లు ఒకేలా ఉన్నాయని గమనించిన ఉద్యోగి ఎవరో ఉండి ఉండాలి. ఆ గమనింపును ఫైలులో రాయనిచ్చిన అధికారి ఎవరో ఉండి ఉండాలి. ఎల్-1కి ఆర్డరు ఇచ్చేసి ఊరుకున్నా వాళ్లనెవరూ అడిగేవారు కాదు.

అలా గమనించడం నేర్పవచ్చు. రెండు బిడ్లలో ఒకే అక్షర దోషం, ఒకే కంప్యూటరు నుంచి అప్‌లోడ్, వరుస నంబర్ల డీడీలు, ఎల్-1 చివరి నిమిషంలో తప్పుకోవడం, ఏటా అదే నలుగురు వంతులవారీగా గెలవడం. కొనుగోలు అధికారులకోసం కాంపిటీషన్ కమిషన్ ఇలాంటి గుర్తులతో ఒక పరిశీలన పత్రమే తయారు చేసి పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. ఆన్‌లైన్ వల్ల టెండరు బాక్సు దగ్గర కొట్లాటలు, టెండరు షెడ్యూళ్లు దొరకకుండా చేయడం పోయాయి. రింగు పోలేదు. కానీ ఆన్‌లైన్‌లో ప్రతి అడుగుకూ జాడ మిగులుతుంది. చదివేవాళ్లు కావాలి, అంతే.

నైనీ నేర్పేది

సింగరేణికి ఒడిశాలోని అంగుల్ జిల్లాలో నైనీ బ్లాకును కేంద్రం 2015లో కేటాయించింది. రాష్ట్రం బయట సంస్థకు ఇది మొదటి గని. పదేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో బొగ్గు తీత మొదలైంది. ఆ గని పనులకు పిలిచిన టెండరు 2026 జనవరిలో రాష్ట్రాన్ని కుదిపింది. బిడ్ వేయాలంటే ముందు గని స్థలాన్ని చూసి, చూసినట్టు సంస్థ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్న షరతు మీదనే గొడవ. కావలసినవాళ్లకోసమే ఆ షరతు అని ప్రతిపక్షం ఆరోపించింది. ప్రభుత్వం కాదంది. ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క టెండరు రద్దు ప్రకటించారు. కేంద్ర బొగ్గు శాఖ పరిశీలనకు కమిటీ వేసింది.

రాజకీయం పక్కన పెట్టి షరతును మాత్రమే చూద్దాం. కొత్త రాష్ట్రం, కొత్త నేల, భారీ పని. స్థలం చూడకుండా బిడ్ వేసినవాడు మధ్యలో చేతులెత్తేస్తే సంస్థకు నష్టం. కాబట్టి చూసి రమ్మనడంలో అర్థం ఉంది. కానీ చూసినట్టు సర్టిఫికెట్ తప్పనిసరి చేసిన క్షణంలో రెండు సంగతులు జరుగుతాయి. సర్టిఫికెట్ ఇచ్చే అధికారి చేతికి ఎవరు పోటీలో ఉండాలో తేల్చే శక్తి వస్తుంది. ఎవరెవరు వచ్చి చూసి వెళ్లారో తెలిస్తే ఎవరెవరు బిడ్ వేస్తారో ముందే తెలిసిపోతుంది. రింగుకు అంతకంటే విలువైన సమాచారం ఉండదు. టెండరుదారులు ఒకచోట కలుసుకునే సందర్భాలను వీలైనంత తగ్గించండని అభివృద్ధి చెందిన దేశాల సంస్థ ఓఈసీడీ తన మార్గదర్శకాల్లో చెప్పింది ఇందుకే. స్థలం చూశాననీ పరిస్థితులు తెలుసుననీ బిడ్డరే రాసిచ్చి, ఆ తర్వాత తెలియదనే హక్కు వదులుకుంటే సరిపోతుంది. ఏ దురుద్దేశం లేకుండా రాసిన షరతు కూడా ఇంత అనుమానానికి తావిస్తుందంటే, అది టెండరులోకి ఎక్కకముందే దీన్ని ఎవరు దుర్వినియోగం చేయగలరు అని అడిగే మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి. ఆ ప్రశ్న అడగడమే ఆ ఉద్యోగి పని కావాలి.

మందుల దుకాణం నుంచి ఒక హెచ్చరిక

కొనుగోలు మోసం కార్మికుడి ఒంటికి ఎంత దగ్గరగా వస్తుందో తెలంగాణలో 2019లో చూశాం. కార్మికుల చందాలతో నడిచే ఈఎస్‌ఐ ఆసుపత్రుల మందుల కొనుగోళ్ల మీద అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) కేసులు పెట్టింది. ఆ ఏడాది సెప్టెంబరులో బీమా వైద్య సేవల విభాగం డైరెక్టరు సహా పలువురు అరెస్టయ్యారు. రేటు కాంట్రాక్టులో లేని సంస్థల నుంచి ఎక్కువ ధరలకు కొన్నారని, ఇండెంట్లు, బిల్లులు సృష్టించారని ఏసీబీ అభియోగం. తీర్పు కోర్టులు చెప్పాలి. అయితే అభియోగాల పత్రం చదివితే మన రూఫ్ బోల్టు దారే కనిపిస్తుంది. అవసరం, ధర, రసీదు, చెల్లింపు - అన్నిచోట్లా ఒకే గుంపు చేతులున్నాయనేదే ఆ ఆరోపణల సారం.

2018లో ఏం మారింది

ఒకప్పుడు అవినీతి కేసంటే లంచం తీసుకున్నవాడి కేసు. ఇచ్చినవాడు చాలాసార్లు బాధితుడిగానో సాక్షిగానో మిగిలిపోయేవాడు. అవినీతి నిరోధక చట్టానికి 2018 జులై 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అది మారింది. ఎనిమిదో సెక్షన్ కింద ఇవ్వడమూ నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. మంచిర్యాల, గోదావరిఖని పారిశ్రామికవాడల్లోంచి నట్లూ బుషింగులూ సరఫరా చేసే చిన్న వెండరు తెలుసుకోవలసిన గడువు అది.

తొమ్మిదో సెక్షన్ ఇంకా దూరం వెళుతుంది. కంపెనీకి లాభం కలిగేలా దాని తరఫు మనిషి ఎవరు లంచమిచ్చినా కంపెనీయే దోషి. ఆ మనిషి ఉద్యోగి కావచ్చు, ఏజెంటు కావచ్చు, హైదరాబాదులో పనులు చక్కబెట్టి పెట్టే మధ్యవర్తి కావచ్చు. భాగస్వామ్య సంస్థలకూ ఇది వర్తిస్తుంది. డైరెక్టరుకో మేనేజరుకో తెలిసి జరిగిందని తేలితే పదో సెక్షన్ కింద మూడు నుంచి ఏడేళ్ల జైలు. దీన్నుంచి కంపెనీ బయటపడే దారి ఒక్కటే ఉంది. ఇలాంటివి జరగకుండా తగినన్ని ఏర్పాట్లు ముందే చేసి ఉంచామని కోర్టులో నిరూపించుకోవాలి. నిరూపించే భారం కంపెనీదే. కాబట్టి కంప్లయన్స్ అనేది మంచి కంపెనీలు ముచ్చటకోసం పెట్టుకునే విభాగం కాదు. చట్టం ముందు కంపెనీకి మిగిలిన ఏకైక సాక్ష్యం అది.

ఈ ఆలోచన బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడి 2010 లంచాల చట్టం ఏడో సెక్షన్‌లో లంచాన్ని ఆపలేకపోవడాన్నే కంపెనీ నేరంగా పెట్టారు, తగిన ఏర్పాట్లు ఉన్నాయని చూపించడమే రక్షణ అన్నారు. అంతకుముందే అమెరికాలో, 1991 నుంచి, నిజంగా పనిచేసే కంప్లయన్స్ వ్యవస్థ ఉన్న సంస్థకు శిక్షలో తగ్గింపు ఇస్తున్నారు. జర్మనీకి చెందిన సీమెన్స్ దేశదేశాల్లో కాంట్రాక్టులకు లంచాలిచ్చి 2008లో అమెరికా, జర్మనీ అధికారులకు కలిపి సుమారు 160 కోట్ల డాలర్లు కట్టింది. ఆ సంస్థలో కాగితాల మీద నియమాలు ముందునుంచీ ఉన్నాయి. వాటికి పళ్లు లేవు.

మన తెలుగువాళ్లకు సత్యం కంప్యూటర్స్ ఉంది. లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ దాని ఛైర్మనే 2009 జనవరి 7న రాసిన లేఖ తర్వాతే కంపెనీల చట్టం ఆడిటర్ల మీద, డైరెక్టర్ల మీద ఇంత బరువు పెట్టింది. 2013 చట్టం 447వ సెక్షన్ మోసానికి ఆరు నెలల నుంచి పదేళ్ల జైలు అంటుంది, ప్రజాప్రయోజనం దెబ్బతింటే మూడేళ్లకు తగ్గకూడదంటుంది. కోటి రూపాయలు, ఆపై మోసం ఆడిటరు కంటపడితే కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాలి.

నిజాయతీపరుడి భయం

దీనికి రెండో వైపు ఉంది, దాన్ని దాచిపెట్టకూడదు. చర్యల భయంతో సంతకమే పెట్టని అధికారులు తయారవుతున్నారు. ఫైలు బల్ల మీద ఆరు నెలలుంటే ఎవరూ అడగరు, ఆరు రోజుల్లో కదిలితే ఎందుకంత తొందర అంటారు. బొగ్గు బ్లాకుల కేసుల్లో మాజీ బొగ్గు కార్యదర్శి హెచ్.సి.గుప్తాకు 2017లో ఢిల్లీ ప్రత్యేక కోర్టు రెండేళ్ల శిక్ష వేసినప్పుడు ఆయన డబ్బు తీసుకున్నారని ఎవరూ అనలేదు. ప్రజాప్రయోజనం లేకుండా ఇంకొకరికి లాభం చేకూర్చారన్న పాత నిబంధన కింద పడింది ఆ శిక్ష. 2018 సవరణ ఆ నిబంధనను తీసేసింది, అధికారిక నిర్ణయాలపై విచారణకు ముందు అనుమతి ఉండాలన్న 17ఏ సెక్షన్‌ను చేర్చింది. ఈ రక్షణ మంచిదా చెడ్డదా అన్న వాదన వేరే. నా దృష్టిలో అధికారికి దానికంటే బలమైన రక్షణ ఫైలులోనే ఉంది. ఆ రోజు తెలిసిన సంగతులు ఇవి, ఈ రెండు దారులున్నాయి, ఇందుకే ఇది ఎంచుకున్నాను అని అదే రోజు రాసిన అర పేజీ నోటు. ఏడేళ్ల తర్వాత విజిలెన్స్ వాళ్లు వచ్చినప్పుడు మాట్లాడేది ఆ నోటే. ఫోనులో పైనుంచి వచ్చిన ఆదేశాన్ని కూడా ఫైలులో రాసుకోగల వాతావరణం ఉంటే ఆదేశాలే తగ్గుతాయి.

కాంట్రాక్టరుకూ న్యాయం కావాలి. అనుమానం వచ్చిందని రాత్రికి రాత్రి బ్లాక్‌లిస్టు చేస్తే చెల్లదు. నోటీసులోనే ఆ శిక్ష సంగతి చెప్పి, జవాబు విని, అప్పుడే చేయాలని 2014లో గూర్ఖా సెక్యూరిటీ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇంకోటి, అన్నిటికంటే మామూలుగా కనిపించేది: బిల్లు ఆలస్యం. లంచానికి టెండరులో కంటే బిల్లులో ఎక్కువ తావుంటుంది. సరుకు సరిగ్గానే వచ్చింది, తనిఖీ అయింది, కానీ బిల్లు కదలదు. చిన్న వెండరు అప్పు తెచ్చి సరఫరా చేశాడు, వడ్డీ పెరుగుతోంది. అప్పుడు ఇచ్చే మామూలుకు అవినీతి అన్న పేరు కూడా పెట్టుకోడు, ఖర్చు అనుకుంటాడు. మరుసటి టెండరులో ఆ ఖర్చు కలిపి రేటు వేస్తాడు, లేదా ఉక్కు మందం తగ్గిస్తాడు. చిన్న పరిశ్రమలకు 45 రోజులకు మించకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. వచ్చిన వరుసలో బిల్లులు పాసయ్యే పద్ధతి ఒక్కటి పెడితే ఎన్నో ప్రతిజ్ఞలకంటే ఎక్కువ పని జరుగుతుంది.

చెప్పినవాడికి ఏం గతి

అబ్రహాం లింకన్ కాలంలో, అమెరికా అంతర్యుద్ధంలో, సైన్యానికి పనికిరాని గుర్రాలు, చెడిన తిండి, పేలని తుపాకులు అంటగట్టారు కాంట్రాక్టర్లు. 1863లో చేసిన చట్టం ఒక వింత మార్గం చూపింది. మోసం తెలిసిన మామూలు మనిషే ప్రభుత్వం తరఫున దావా వేయవచ్చు, వసూలైన దాంట్లో వాటా పొందవచ్చు. ఇప్పుడు ఆ వాటా 15 నుంచి 30 శాతం. ఆ చట్టం ఇంకా పనిచేస్తోంది.

మన దగ్గర వాటా మాట దేవుడెరుగు, రక్షణే సగంలో ఆగింది. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాల గురించి పై అధికారులకు రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యారు. దేశం కదిలింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఫిర్యాదుదారు పేరు రహస్యంగా ఉంచే తీర్మానం వచ్చింది, కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు ఆ బాధ్యత ఇచ్చారు. పదేళ్లకు, 2014లో, పార్లమెంటు ప్రజావేగుల రక్షణ చట్టం చేసింది. రాష్ట్రపతి సంతకమూ అయింది. అమలు తేదీ మాత్రం ప్రకటించలేదు. చట్టం పుస్తకంలోనే ఉంది.

అందుకే ఇవాళ శ్రీరాంపూర్‌లో ఒక స్టోర్స్ ఉద్యోగికో ఓవర్‌మన్‌కో ఏదైనా తేడా కనిపిస్తే అందుబాటులో ఉన్నవి ఇవి: సంస్థలోని విజిలెన్స్ విభాగం, ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064, సమాచార హక్కు దరఖాస్తు, గనిలో తన యూనియన్ పిట్ కార్యదర్శి. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. భద్రతా కమిటీల్లో కార్మిక ప్రతినిధులు కూర్చుంటారు. బోల్టు పట్టు పరీక్షలో ఎన్ని విఫలమయ్యాయి, అవి ఏ పర్చేజ్ ఆర్డరువి, ఆ సరఫరాదారుకు తర్వాతి ఆర్డరు ఇచ్చారా అని ఆ కమిటీలో అడగవచ్చు. లాభాల వాటా శాతం అడిగినంత గట్టిగా అడగవచ్చు.

సంస్థ చేయగలిగినది కూడా పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఏరియాల వారీగా ప్రతి నెలా ఏం కొన్నారు, ఎందరు బిడ్ వేశారు, ఎవరికి ఏ రేటుకు ఇచ్చారు, ఒకే బిడ్‌తో లేదా టెండరు లేకుండా కొన్నవి ఏవి, తనిఖీలో తిరగ్గొట్టిన సరుకు ఎంత, పెండింగు బిల్లులు ఎన్ని రోజులవి - ఈ ఆరు సంగతులు తెలుగులో, ప్రతి గని మస్టర్ రూము దగ్గర, జీఎం ఆఫీసు ముందు, వెబ్‌సైటులో ఒకేసారి పెట్టాలి. అడగకముందే సమాచారం బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ 2005 నుంచీ చెబుతున్నది ఇదే.